మీకు తెలుసా? పంట మధ్యలో సున్నాకి తిరిగే గడియారం

ఉండి, ఆకివీడు, కొల్లేరు చుట్టుపక్కల వెనామీ రొయ్య చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. మోటార్ల వంటి వాటిని నడిపించే చిన్న కంప్యూటర్ ఆర్డునో బోర్డులో కాలాన్ని లెక్కపెట్టే ‘మిల్లిస్’ మాత్రం 49 రోజుల 17 గంటలకే నిండిపోయి, పాత స్కూటర్ మీటరులా మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 32 బిట్లలో పట్టే మిల్లీసెకన్లు అన్నే. సీడ్ వదిలిన రోజున బోర్డు ఆన్ చేస్తే ఆ లెక్క సున్నాకి తిరిగేది పంట మధ్యలోనే.

ఎవరైనా ఆ బోర్డుతో ఏరేటర్ టైమర్ తయారుచేశారనుకుందాం. రాత్రి మోటారు వేసి, ‘ఇప్పటి సమయానికి నాలుగు గంటలు కలుపు, అప్పుడు ఆపు’ అని రాశారు. మిల్లిస్ నిండబోయే రాత్రి ఈ కూడిక గరిష్ఠాన్ని దాటి చిన్న అంకెగా మారిపోతుంది. ఇప్పటి అంకె దానికంటే పెద్దది కాబట్టి చిప్ టైమైపోయిందనుకుని మోటారును వెంటనే ఆపేస్తుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ ఏరేటర్ ఆగితే రైతు పెట్టుబడి మొత్తం నీటిపాలు కావచ్చు. కూడికకు బదులు ‘ఇప్పటి సమయంలోంచి మొదలైన సమయం తీసెయ్’ అని రాస్తే, లెక్క సున్నాకి తిరిగినా తేడా సరిగ్గానే వస్తుంది.

అంత జాగ్రత్త అవసరం లేని భాష వాడొచ్చు కదా అంటారా? ఆర్డునో ఊనో ఆర్3 చిప్‌లో ర్యామ్ 2 కిలోబైట్లే. యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి కనుక మీరు చదువుతున్న ఈ కాలమ్ కూడా అందులో పట్టదు. పైథాన్‌ను చిన్న చిప్‌ల కోసం కుదించిన మైక్రోపైథాన్‌కైనా కనీసం 16 కిలోబైట్ల ర్యామ్ ఉండాలి. అందుకే 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ, దాని నుంచి పుట్టిన సీ ప్లస్ ప్లస్ ఇప్పటికీ ఇక్కడ రాజ్యమేలుతున్నాయి. అవి మెమరీని నేరుగా చేతికిస్తాయి, తప్పు రాసినా అడ్డుకోవు. పది రీడింగుల పట్టికలో పదకొండోది రాస్తే పక్కనున్న మరో విలువ మారిపోవచ్చు, ఎవరికీ తెలియదు.

2015లో 1.0 వెర్షన్‌గా వచ్చిన రస్ట్ ఇక్కడే నాకు నచ్చుతుంది. వాడని మెమరీని ఏరి ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ లేకుండానే, విడిచిపెట్టిన మెమరీని మళ్లీ వాడే తప్పును కంపైల్ దశలోనే పట్టుకుంటుంది. పట్టిక దాటి రాయబోతే ప్రోగ్రాంను అక్కడే ఆపేస్తుంది. 2022 డిసెంబరులో లినక్స్ కెర్నల్ 6.1 దానికి చోటిచ్చింది. 520 కిలోబైట్ల ర్యామ్ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డుతో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రస్ట్ నేర్చుకోవాలనే చెబుతాను. అయితే మన 49 రోజుల చిక్కును అదీ పూర్తిగా తీర్చదు. పరీక్షల కోసం చేసే డీబగ్ బిల్డులో లెక్క పొంగగానే ఆగి చెబుతుంది, చెరువుకు పంపే రిలీజ్ బిల్డులో మామూలుగా సీలాగే మౌనంగా సున్నాకి తిరుగుతుంది.

కాబట్టి ఏ భాషలో రాసినా, బోర్డును గట్టు మీద స్టార్టర్ పక్కన బిగించే ముందు సమయం లెక్కను 4,29,49,00,000 దగ్గర మొదలుపెట్టి నడిపించండి. 67 సెకన్లలో అది సున్నాకి వస్తుంది. అప్పుడు మోటారు తిరుగుతూనే ఉందో లేదో మీ ఎదుటే తేలుతుంది.