గారె లాంటి రింగు, రెండు చీరలంత తీగ

మా కాలనీలో ఇంటి కప్పు మీద ఏరియల్ కట్టకూడదు. కాలనీ సంఘమైన హెచ్‌ఓఏ రూలు. టీవీ డిష్షుకైతే 1996 నుంచి అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ అండ ఉంది. మీటరు లోపు డిష్షును మామూలుగా ఏ కాలనీ సంఘమూ కాదనలేదు. సరదాకి రేడియోలో మాట్లాడుకునే నాబోటి హాముల తీగకి ఆ భాగ్యం లేదు. అందుకే శనివారం పొద్దున్నే తీగచుట్ట, చిన్న రేడియో, బ్యాటరీ సంచిలో వేసుకుని ఇక్కడి న్యూజెర్సీ స్టేట్ పార్కుకి పోతుంటాను.

ముందు చెట్టు కుదరాలి, కరెంటు తీగలకు బాగా దూరంగా. సన్నని నైలాన్ తాడుకి చిన్న ఇసుక మూట కట్టి, ముప్పై అడుగుల ఎత్తు కొమ్మ మీదుగా విసరాలి, ఆ తాడుతో తీగని పైకి లాగాలి. మామిడికాయల మీద రాళ్లు రువ్విన చేతికి ఇదో లెక్కా అనుకున్నాను. మొదటి రోజు రెండు విసుర్లు నా నెత్తి మీదికే వచ్చాయి. మూడోది కొమ్మకి చుట్టుకుంది. ఇప్పటికీ అక్కడే ఉందేమో. చెట్లకి ఏమీ కట్టనివ్వని పార్కులూ ఉన్నాయి, ముందే అడగాలి. అక్కడ గేలపు కర్రలా సాగే ఫైబర్‌గ్లాస్ కర్రే దిక్కు.

తీగ పొడవు దగ్గర మాత్రం ఉజ్జాయింపు పనికిరాదు. 300ని పౌనఃపున్యపు మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 14.1 అయితే 21 పైచిలుకు. అందులో సగం తీసుకుని, ఇంకో ఐదు శాతం తగ్గిస్తే 10.1 మీటర్లు. దాదాపు రెండు ఆరుగజాల చీరలు ముడేసినంత.

ఇద్దరు పిల్లలు తాడు తిప్పుతుంటే నడుమే పెద్దగా ఊగుతుంది, చేతుల దగ్గర కదలికే ఉండదు. ఈ తీగలో విద్యుత్తూ అంతే: మధ్యలో ఎక్కువ, కొనల్లో దాదాపు సున్నా. కొనల్లో వోల్టేజీ మాత్రం బాగా ఎక్కువ. అక్కడ రేడియో తగిలిద్దామంటే తీగ చూపించే నిరోధం 2,500 ఓమ్‌ల దరిదాపు, రేడియో కోరేది 50. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే పెళ్లిళ్ల పేరయ్య ఒక ఫెర్రైట్ రింగు. అచ్చం గారెలా ఉంటుంది. రేడియో వైపు 2 చుట్లు, తీగ వైపు 14. నిష్పత్తి 7, నిరోధానికి లెక్క దాని వర్గం, 49. 50ని 49తో హెచ్చిస్తే 2,450. సంబంధం ఖాయం.

కొన దగ్గర కలపడమనే ఈ ఆలోచన గాల్లో పుట్టింది. జెప్పెలిన్ ఎగిరే ఓడకి నేలలో పాతే ఎర్త్ ఎక్కడిది? అందుకని 1909లో జర్మనీలో హాన్స్ బెగ్గెరోవ్ ఓడ నుంచి సగం తరంగం పొడవు తీగ వేలాడదీసి, జంట తీగలతో కొనకే విద్యుత్తు అందించే పద్ధతి కనిపెట్టాడు. హాములు ఇప్పటికీ దాన్ని ‘జెప్’ అనే అంటారు.

అమెరికాలో హాముల కథ వెలివేతతో మొదలైంది. 1912 రేడియో చట్టం వాళ్లని 200 మీటర్లు, అంతకన్నా పొట్టి తరంగాలకి తోసేసింది. అవి దూరం పోవని నిపుణుల నమ్మకం. 1923 నవంబరు చివర్లో కనెక్టికట్ నుంచి ఫ్రెడ్ ష్నెల్, ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి లియోన్ డెలోయ్ దాదాపు 110 మీటర్ల మీద అట్లాంటిక్‌కి అటూ ఇటూ మాట్లాడుకున్నారు, మోర్స్‌లో. 200 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనావరణపు పొర ఆ పొట్టి తరంగాలనే భూమికి తిప్పి పంపుతోందన్నమాట. ఇక చూడాలి, కాదన్నవాళ్లంతా పొట్టి తరంగాల కోసం ఎగబడ్డారు. చిన్నప్పుడు మా ఇంట్లో దూలానికి కట్టిన జాలీ ఏరియల్ సిలోన్ రేడియో తెలుగు పాటలు పట్టిందంటే ఆ చలవే.

తీగ పట్టుకుని ఊరిబయటికి పోవడం కూడా పాత అలవాటే. అమెరికన్ హాముల ‘ఫీల్డ్ డే’ 1933లో మొదలైంది. 2016లో జాతీయ పార్కుల సేవ నూరేళ్ల పండక్కి వాళ్లు పార్కుల నుంచి పది లక్షలకు పైగా పలకరింపులు జరిపారు.

మొన్న 5 వాట్లతో పిలిచాను. సైకిల్ డైనమో లైటు తినేదే 3 వాట్లు. పోర్చుగల్ నుంచి ఒకాయన పలికాడు. నా పేరు మూడుసార్లు అక్షరం అక్షరం చెప్పినా తప్పే రాసుకున్నాడు.

దించాక తీగని గుండ్రంగా చుట్టకూడదు. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఎనిమిది అంకెలా, గాలిపటం దారం చుట్టినట్టు చుట్టాలి. లేకపోతే వచ్చే శనివారం సగం పూట చిక్కు తీయడానికే సరి.