పాత టెలిఫోను తీగపై ఇంటర్నెట్టు

రేడియో ముల్లును త్రిప్పి ఒక స్టేషనును విడిచి మరియొకదానిని పట్టుట శ్రోతలకు అలవాటైన పనియే. ఒకే ఆకాశమున పెక్కు స్టేషనులున్నను, ఫ్రీక్వెన్సీలు వేరగుటచే అవి కలిసిపోవు. టెలిఫోను తీగపై బ్రాడ్‌బాండు నడచుటయు ఇట్టిదే.

మన మాటకు టెలిఫోను వాడుకొనునది 300 నుండి 3400 హెర్ట్జ్‌ల మేర మాత్రమే. ఇంటికి వచ్చు రాగితీగల జంట అంతకు మించి ఎంతో మోయగలదు. ఆ ఖాళీ భాగమున, సుమారు 25 నుండి 1104 కిలోహెర్ట్జ్‌ల వరకు, ఏ.డి.ఎస్.ఎల్. అను పద్ధతి పనిచేయును. అందు క్రింది కొంత పంపుటకు, మిగిలిన పెద్ద భాగము తెచ్చుకొనుటకు. మోడెము దీనిని 4.3 కిలోహెర్ట్జ్‌ల సన్నని దారులుగా విభజించి, శుభ్రమైన దారిపై ఎక్కువ, గోలగానున్న దారిపై తక్కువ బరువు మోపును. విశేషమేమనగా, మీడియం వేవులో చాలభాగము ఇందులోనే పడును. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్‌లును అంతే! స్తంభములపై తీగ ఏరియలువలె అట్టి ప్రసారమును గ్రహించినచో, మోడెము ఆ దారిని తేలికపరచి తక్కినవానిపై సాగును.

ఇంటిలో ఫిల్టరు మాటను వేరుచేయును. అది లేని ఫోనులో బుసబుస వినబడును.

అసలు చిక్కు దూరము. పై ఫ్రీక్వెన్సీలు రాగిలో త్వరగా క్షీణించును. ఎక్స్ఛేంజి చెంత 8 మెగాబిట్ల వేగమిచ్చు తీగ, 5 కిలోమీటర్లు దాటునప్పటికి ఇంటర్నెట్టు విషయమున దాదాపు మూగపోవును. మాట మాత్రము వినబడుచునే యుండును. బి.ఎస్.ఎన్.ఎల్. 2005 జనవరిలో ఈ సేవ నారంభించినది. మైపాడు నెల్లూరికి 20 కిలోమీటర్లకు పైబడియున్నది. కావున నెల్లూరి ఎక్స్ఛేంజిలో ఎంత గొప్ప యంత్రమున్నను మైపాడు ఇంటికి ప్రయోజనము లేదు. యంత్రము చేరువ ఎక్స్ఛేంజికే రావలెను, దానికి వెనుకనుండి ఫైబరు రావలెను. లెక్కించవలసినది దారి దూరము కాదు, తీగ దూరము. చెరువును చుట్టివచ్చిన కేబులుకు పొరుగిల్లును దూరమే.

రెండవ శత్రువు సముద్రపు గాలి. ఉప్పు తేమ అతుకులకు చిలుము పట్టించును. కార్తీకపు వానలకు కేబులులో నీరు దిగును. ఇంటర్నెట్టు తెగిపోవుచున్నప్పుడు, రిసీవరెత్తి ఒక అంకె నొక్కి వినుడు. గరగర యున్నచో, తప్పు చాలవరకు మోడెముది కాదు, తీగది.

ఇప్పుడు ఫైబరు గడపవరకు వచ్చుచున్నది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ దానిని కరెంటు స్తంభములమీదుగా లాగినది. గాజుకు చిలుము పట్టదు. కాని రాగితీగ ఫోను ఎక్స్ఛేంజి విద్యుత్తుతోనే పలుకునట్టిది. తుపాను రాత్రి ఇంట దీపమారినను అది పలికెడిది. ఫైబరు పెట్టెకు ఇంటి కరెంటే ఆధారము. తీరమున దానిని వేయించుకొనువారు వెంట ఒక బ్యాటరీని గూడ సమకూర్చుకొనవలెను.