టెయ్‌దే కొండమీద నిద్ర

కానరీ దీవుల్లోని టెనెరిఫేలో సముద్రం ఒడ్డున బయల్దేరిన రోడ్డు పైన్ చెట్ల అడవి దాటి, లావా గడ్డకట్టిన నల్లటి, ఎర్రటి మైదానంలోకి చేరుస్తుంది. ఎదురుగా 3,700 మీటర్లు దాటిన టెయ్‌దే అగ్నిపర్వతం, స్పెయిన్ మొత్తానికీ ఎత్తైన శిఖరం. దాని పాదాల దగ్గర ఊరు లేదు. ఉన్నది పారడోర్ అనే హోటల్. ఎత్తు దాదాపు 2,150 మీటర్లు, మన ఊటీ కంటే కాస్త తక్కువ. టూర్ డి ఫ్రాన్స్ మీద ఆశపెట్టుకున్న సైక్లిస్టులు వారాల తరబడి వచ్చి ఉండేది ఇక్కడే.

తొక్కడానికైతే ఆల్ప్స్‌లోనూ కొండలున్నాయి. ఇక్కడికి ముఖ్యంగా వచ్చేది పడుకోవడానికి. ఇంత ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే దాదాపు ఐదో వంతు తక్కువ. ఆక్సిజన్ చాలడం లేదని కనిపెట్టిన మూత్రపిండాలు ఈపీవో హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి. ఎముకల్లోని మూలుగ కొత్త ఎర్రకణాలను తయారుచేస్తుంది. దీనికి రెండు మూడు వారాల ఓపిక కావాలి. 1990లలో ఈ ఆట పరువు తీసింది ఆ హార్మోన్‌నే సూదిమందుగా ఎక్కించుకున్న అడ్డదారి. అందుకే కొండమీద నిద్రపోయి సంపాదించుకునే ఆ కాస్త రక్తమంటే నాకు గౌరవం.

పాతరోజుల్లో కిలోమీటర్లే సాధన. చలికాలమంతా నింపాదిగా గంటల కొద్దీ తొక్కడం, వసంతంలో రేసుల్లో దిగి అక్కడే ఒంటిని దారికి తెచ్చుకోవడం. ఎత్తును అప్పుడూ వాడుకున్నారు, ఒక్కోసారి వేరే పనికి. 1972లో బెల్జియన్ సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్ గంట రికార్డు కోసం మెక్సికో సిటీకి వెళ్లింది, పలచని గాలి అంతగా అడ్డు తగలదని. గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు.

తర్వాత గుండె వేగం చెప్పే పట్టీ వచ్చింది. కానీ ఎండ కాసినా, రాత్రి నిద్ర చాలకపోయినా గుండె లెక్క మారిపోతుంది. జర్మన్ ఇంజనీర్ ఉల్రిష్ షోబెరర్ 1986లో పెట్టిన ఎస్ఆర్ఎం సంస్థ శ్రమ కొలతను పెడల్ తిప్పే క్రాంక్‌లోకే తెచ్చింది. కాలు బలంగా తొక్కినప్పుడు లోహం కంటికి కనపడనంత వంగుతుంది. ఆ వంపునూ కాలు తిరిగే వేగాన్నీ కలిపి పరికరం వాట్లుగా లెక్కకడుతుంది. వాట్ల ముందు సాకులు చెల్లవు.

ఈత శిక్షణ నుంచి వచ్చిన ఆస్ట్రేలియన్ టిమ్ కెరిసన్ ఎత్తునూ వాట్లనూ కలిపాడు. బ్రిటిష్ జట్టు టీమ్ స్కై రైడర్లకు చలికాలంలోనే తీవ్రమైన సాధన మొదలుపెట్టించి, టెయ్‌దే మీదికి తెచ్చాడు. 2012లో బ్రాడ్లీ విగ్గిన్స్ టూర్ గెలిచిన తొలి బ్రిటిష్ రైడర్ అయ్యాడు. ఇప్పుడు ప్రత్యర్థి జట్లు కూడా అదే హోటల్లో దిగుతున్నాయి. పొద్దున సముద్రం దాకా దిగిపోయిన రైడర్‌కు, సాయంత్రం తన మంచం రెండు వేల మీటర్ల పైన ఉంటుంది.