బాలింతకు తోడెవరు?

తొలి కానుపునకు కూతురిని పుట్టింటికి తెచ్చుకొనుట తెలుగువారి ఆచారము. వేన్నీళ్ల స్నానము, సాంబ్రాణి పొగ, ఒంటికి నూనె పట్టించు తల్లి చేయి, వీని నడుమ కొన్ని నెలలు బాలింత తానును బిడ్డయై యుండును. పథ్యము పేర కూరలను, మంచినీటిని కూడ తగ్గించు దోషము ఇందులో లేకపోలేదు. దానిని వైద్యులు ఖండించుట న్యాయమే. అయినను, బిడ్డను సాకవలసిన ఆమెను ముందుగా ఒకరు సాకవలెనన్న ఎరుక ఆ ఆచారములో ఉన్నది.

విశాఖపట్టణమున ఈ కట్టుబాటు సడలుటకు కారణము వెదుకనక్కరలేదు. 1933లో ఓడరేవు తెరచిరి. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. పనికై వచ్చిన కుటుంబములతో గాజువాక, ఉక్కునగరము నిండినవి. కోడలి పుట్టిల్లు శ్రీకాకుళపు పల్లెలోనో, వేరొక రాష్ట్రములోనో ఉండును. అమ్మమ్మ వచ్చి నెల దినములుండి వెళ్లిపోవును. భర్త రాత్రి షిఫ్టునకు పోయిన పిమ్మట, ఏడ్చు పసికందుతో ఆమె ఒంటరిగా మేలుకొని యుండును. అప్పుడు కలుగు విసుగు దుర్గుణము కాదు, అలసట.

కొందరికి అది అలసటతో ఆగదు. కారణములేని కన్నీరు, నిద్రపట్టకుండుట, బిడ్డపై మనసు నిలువకుండుట వారముల తరబడి సాగినచో అది వ్యాధి. దానికి చికిత్స కలదు. దీనిని పసిగట్టుటకు ఎడిన్‌బరో పేరుగల పది ప్రశ్నల పట్టిక 1987లోనే వెలువడినది. మన ఇండ్లలో మాత్రము "గాలి సోకినది" అనియో, "ఈ కాలపు పిల్లలకు ఓపిక లేదు" అనియో మాట ముగింతురు.

బిడ్డకు దీనితో నేమి పని అందురా? అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్, ఆయన సహచరులు 1978లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. శిశువునాడించు తల్లిని కొంతసేపు ముఖమున ఏ భావమును చూపకుండుమనిరి. శిశువు నవ్వి పలుకరింపజూచెను; బదులు రాకపోగా మొగము త్రిప్పుకొనెను. అది నిమిషముల ముచ్చట. నెలలు సాగినచో ఆ ఇంట ఊసులు సన్నగిల్లుట వింతకాదు. తండ్రియో, నాయనమ్మయో ఎత్తుకొని ఆడించినచో ఆ లోటు కొంత తీరును.

ప్రసూతి సెలవును 2017లో, మొదటి ఇద్దరు బిడ్డలకు, 12 వారముల నుండి 26 వారములకు పెంచిరి. మంచిదే. చేపలరేవున గంప నెత్తుకొను స్త్రీకి ఆ సెలవునిచ్చువారెవరు?

ఒకటవ తరగతిలో పలుకక కూర్చుండు పిల్లవానిని చూచి "తల్లి పెంపకము" అని తేల్చివేయుట మన ఉపాధ్యాయులకు పరిపాటి. ఆమెను పిలిపించినపుడు పిల్లవాని మాటకు ముందు, "పురిటి రోజులలో నీ దగ్గర ఎవరుండిరమ్మా?" అని అడిగి చూడుడు. చెప్పుటకు ఆమెకు చాలసేపు పట్టవచ్చును.