గురి తెలిసిన తుపాకి

ఆ మధ్య మా మేనకోడలి పెళ్ళికి వెళ్ళాం. వీడియో తీయడానికి వచ్చిన కుర్రవాడు ఒంటికి కవచం లాంటిదొకటి బిగించుకున్నాడు. దానికి ముందువైపు ఒక ఇనుపచెయ్యి. ఆ చేతి చివర కెమేరా. అతను పరుగెత్తినా, మెట్లెక్కినా కెమేరా మాత్రం తొణకలేదు. అందరూ అక్షతలు వేస్తూంటే మా అబ్బాయి నా చెవిలో, "నాన్నా, అచ్చం వాస్క్వెజ్!" అన్నాడు.

వాస్క్వెజ్ ఎవరో మా ఇంట్లో తెలియనిది మా అమ్మకొక్కర్తెకే. జేమ్స్ కామెరాన్ 1986లో తీసిన 'ఏలియన్స్' అనే ఇంగ్లీషు చిత్రంలో ఆమె ఒక సిపాయి. మరో లోకానికి వలసపోయిన జనం ఉలుకూ పలుకూ లేకుండా పోతే, సంగతేమిటో చూసి రమ్మని ఒక పటాలాన్ని పంపుతారు. తక్కినవాళ్ళ చేతుల్లో చిన్న తుపాకులుంటే, వాళ్ళకు దన్నుగా ఇద్దరికి మాత్రం పెద్ద మరతుపాకులిస్తారు. ఒకటి వాస్క్వెజ్‌ది, రెండోది డ్రేక్ అనేవాడిది. దాని పేరు స్మార్ట్‌గన్. తెలుగు మాష్టారిని గనుక ఊరుకోలేక 'బుద్ధిమంతపు తుపాకి' అన్నాను. మా ఆవిడ కూడా నవ్వింది.

ఆ బుద్ధి ఏమిటంటే, శత్రువు ఒంటి వేడిని పసిగట్టి తనంత తానే గురి చూసుకుంటుంది. మనిషి పని మోయడమూ, ట్రిగ్గరు నొక్కడమూను.

అది కథలోని మాట. చిత్రం తీసినప్పటి సంగతి ఇంకా బాగుంటుంది. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనులు వాడిన ఎం.జి. 42 అనే మరతుపాకిని తెచ్చి స్టెడీకామ్‌కు తగిలించారు. నిమిషానికి సుమారు 1200 గుళ్ళు కురిపించిన రాకాసి అది. ఒట్టిదే 11 కిలోలకు పైగా తూగుతుంది. కెమేరా కుదుపు లేకుండా నడవాలని గారెట్ బ్రౌన్ అనే ఆయన కనిపెట్టిన సాధనమే స్టెడీకామ్. 1976లో 'రాకీ'లో దాని పనితనం లోకం చూసింది. మనం 1989లో 'శివ'లో చూశాం. ఆ చేతిలో ఉన్నవి స్ప్రింగులు. అవి బరువు మోస్తాయి గాని గురి చూడవు. కనుక తుపాకి తనంత తాను తిరిగినట్టు మనకు కనిపించినదంతా జెనెట్ గోల్డ్‌స్టీన్ అనే నటి నడుము తిప్పిన నేర్పే సుమండీ!

ఇంతకూ ఆ తుపాకి అక్కరకు వచ్చిందా? సిపాయిలు దిగినచోట పైన ఉన్నవి పెద్ద యంత్రాగారాన్ని చల్లబరిచే గొట్టాలు. అక్కడ తుపాకి పేలిస్తే ఆ చోటంతా పేలిపోవచ్చునని కనిపెట్టి చెప్పినది రిప్లీ. ఆమె సిపాయి కాదు. శత్రువెక్కడో ఎరిగిన తుపాకికి తానెక్కడ నిలబడి ఉన్నదో తెలియదు. బండిలో కూర్చున్న లెఫ్టినెంటు గుళ్ళన్నీ తీసి ఇచ్చేయమన్నాడు. వాస్క్వెజ్, డ్రేక్ ఇచ్చారు. ఆనక దాచుకున్నవి తీసి గుట్టుగా పెట్టుకున్నారు.

ఆ ఉత్తరువు సబబే. కానీ వాళ్ళిద్దరూ దాన్ని పాటించి ఉంటే పటాలంలో ఎందరు మిగిలేవారు? క్లాసులో హాజరు పట్టీ దగ్గర పట్టుపట్టే నేను, మూడుసార్లు చూసినా ఈ తగవు తీర్చలేకపోయాను. పైగా ఆ జీవుల వేడి పరికరాలకు అందదేమోనని ఒక సిపాయి అనుమానపడేలోపునే అవి మీదపడతాయి. ఇక తుపాకి బుద్ధి ఏపాటిది?

సౌప్తికపర్వం పాఠం చెప్పేటప్పుడు నేనొకచోట ఆగుతాను. అర్జునుడు వేసిన అస్త్రాన్ని వెనక్కి తీసుకోగలిగాడు, అశ్వత్థామకు అది చేతకాలేదు. ఇప్పుడు అక్కడికి రాగానే నాకు డ్రేక్ గుర్తొస్తాడు. ఆ జీవుల నెత్తురు ఇనుమును సైతం తినేసే ఆమ్లం. అందరూ పారిపోయి బండి ఎక్కుతున్న వేళ, డ్రేక్ వెనక లేచినదాన్ని వాస్క్వెజ్ కాల్చింది. గురి తప్పలేదు. చిమ్మిన నెత్తురు డ్రేక్ మీద పడింది. అతనికోసం దూకబోయిన ఆమెను బలవంతాన లోపలికి లాగవలసి వచ్చింది.

ఆ ఘట్టం రాగానే మా ఆవిడ లేచి వంటింట్లోకి పోతుంది. మా అబ్బాయి మాట్లాడడు.

పెళ్ళిలో రాత్రి భోజనాల వేళకు వీడియో కుర్రవాడు కవచం విప్పి భుజాలు నొక్కుకుంటున్నాడు. మావాడు బతిమాలి దాన్ని తొడిగించుకున్నాడు. పందిట్లో అటూ ఇటూ నాలుగడుగులు వేసి నా వైపు తిరిగాడు.

"బరువేమీ తెలియడంలేదు నాన్నా!" అన్నాడు.