తెల్లవార్లూ పాట: అపోహలు – వాస్తవాలు

అపోహ: రాత్రంతా సాగే సంగీతం పట్నం నైట్‌క్లబ్బుల సొత్తు, పల్లెలకు పరాయిది.

బెర్లిన్ క్లబ్బుల టెక్నో సంగీతాన్ని జర్మనీ 2024లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. సంతోషమే. కానీ పత్తి, మిరప పండే మన నేలలో రాత్రి పాటది అంతకంటే పెద్ద వయసు. తెనాలి, బాపట్ల, ఒంగోలు వైపు పద్యనాటకం అన్నాలు తిన్నాక మొదలై కోడి కూసేదాకా నడిచేది. జనం ‘వన్స్‌మోర్’ అంటే నటుడు ఆ పద్యం మళ్లీ ఎత్తుకోవాల్సిందే. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామ వేషంతో, సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య కృష్ణుడి వేషంతో జనాన్ని కట్టిపడేసింది అలాంటి రాత్రుల్లోనే. ఇక మిరప కోతలు జోరుమీదుండగా వచ్చే శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల. పురుషోత్తమపట్నం, కావూరు లాంటి ఊళ్ల నుంచి విద్యుత్ దీపాలతో అలంకరించిన ఎత్తైన ప్రభలు కదిలి వస్తాయి. వాటి వేదికల మీద పాటా ఆటా, కింద జాగారం చేసే జనం.

అపోహ: గుడి సన్నాయి ముస్లింలది కాదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇదే. చిలకలూరిపేట నాదస్వరానికి పేరు తెచ్చింది ముస్లిం విద్వాంసులే. షేక్ చినమౌలానా 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో, తరతరాలుగా సన్నాయినే నమ్ముకున్న ఇంట పుట్టారు. తంజావూరు బాణీ మీద మక్కువతో తమిళనాడు వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర శిష్యరికం చేశారు. శ్రీరంగంలోనే స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నాదస్వరం ఊదడానికి ఆడవాళ్ల ఊపిరి చాలదనే వాళ్లు కాలీషాబీ కచేరీ ఒక్కటి వినాలి.

అపోహ: బుర్రకథ ఉబుసుపోక చెప్పుకునేది.

ఉబుసుపోక చెప్పుకునే కథే అయితే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించేది కాదు. కథకుడి పక్కన నిలబడే ఇద్దరు వంతల్లో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. పల్నాటి యుద్ధం చెబుతూనే నాటి దొరతనాన్ని నిలదీయడానికి ఆ రెండో గొంతు చాలు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ప్రజానాట్యమండలి దళంతో ఆ కళను ఊరూరా తిప్పారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు.

అపోహ: డీజే పెడితే అదే లైవ్ మ్యూజిక్, తిరునాళ్లలో మోతకు హద్దు లేదు.

హద్దు ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండుగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అదీ రాత్రి 12 దాకానే సడలించగలదు. పైగా ఊరేగింపులో వినిపిస్తున్నది చాలాసార్లు ఎక్కడో రికార్డు చేసిన పాట. ఎదుట వాయించేవాడు లేడు, ‘వన్స్‌మోర్’ అంటే పలికేవాడూ లేడు. డోలు, సన్నాయి నడవాల్సిన చోట బాక్సుల బండి నడుస్తోంది. ఆ బండికి అడ్వాన్సు ఇచ్చే ముందు తిరునాళ్ల కమిటీ పెద్దలు తమ పక్క ఊళ్లలో ఉన్న సన్నాయి మేళాన్ని ఒక్కసారి కబురంపి పిలవాలి.