ప్రతిరక్షకాల ప్రామాణ్యం: సి9ఓఆర్ఎఫ్72 ప్రొటీన్ పరిశోధన – ఒక పరిశీలన

జీవకణంలో ఒక ప్రొటీన్ ఎక్కడ ఉంది, ఎంత ఉంది, దేనితో కలిసి పనిచేస్తోంది అనే ప్రశ్నలకు శాస్త్రవేత్త నేరుగా చూసి సమాధానం చెప్పలేడు. సాధారణ సూక్ష్మదర్శినికి విడి ప్రొటీన్ కనిపించదు. దానిని వెతికి పట్టుకొని, పట్టుకున్న చోటును తెలియజేసే మరొక అణువు కావాలి. ప్రయోగశాలలో ఆ పని చేసేది ప్రతిరక్షకం; వైద్య వ్యవహారంలో యాంటీబాడీ. కావలసిన ప్రొటీన్‌నో, అందులో ఒక ముక్కనో కుందేలుకో మేకకో ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను సేకరించడం పాత పద్ధతి. ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎడతెగకుండా ఉత్పత్తి చేసే సంకర కణాలను 1975లో కోలర్, మిల్‌స్టీన్‌లు రూపొందించారు. 1984లో వారికి నోబెల్ బహుమతి లభించింది. నేడు జన్యుసాంకేతికతతో తయారుచేసేవి కూడా ఉన్నాయి. ఏ పద్ధతిలో తయారైనా, సీసాపై రాసిన ప్రొటీన్‌నే అది పట్టుకుంటుందా అన్నది అసలు ప్రశ్న. ఈ ప్రశ్న ఎంత దూరం వెళుతుందో సి9ఓఆర్ఎఫ్72 అనే ప్రొటీన్ చరిత్ర తెలియజేస్తుంది.

ఈ పేరు పొలానికి ఇచ్చిన సర్వే నంబరు వంటిది. తొమ్మిదవ క్రోమోజోమ్‌పై స్థానాన్ని సూచిస్తుందే తప్ప ప్రొటీన్ చేసే పనిని చెప్పదు. పేరు పెట్టేనాటికి ఆ పని ఎవరికీ తెలియదు. 2011లో రెండు పరిశోధక బృందాలు ఈ జన్యువులో ఒక విశేషాన్ని గుర్తించాయి. జి-జి-జి-జి-సి-సి అనే ఆరక్షరాల వరుస ఆరోగ్యవంతులలో సాధారణంగా ముప్పైకి లోపు సార్లు పునరావృతమవుతుంది. కండరాలను క్రమంగా నిర్వీర్యం చేసే ఏఎల్ఎస్ వ్యాధిగ్రస్తులలో కొందరికి, ఒక రకం మతిమరుపు వ్యాధి ఉన్నవారిలో కొందరికి అది వందల నుంచి వేల సార్లు ఉంటుంది. దీనితో అనామకంగా ఉన్న ప్రొటీన్ ఒక్కసారిగా పరిశోధకుల దృష్టిలో పడింది.

దాని నిర్మాణంలో డెన్ అనే భాగం ఉంది. కణంలోని సరుకు చిన్న చిన్న తిత్తులలో ఒక పొర నుంచి మరొక పొరకు చేరుతుంది. దీనినే త్వచ రవాణా అంటారు. ఏ తిత్తి ఏ పొరతో కలవాలో నియంత్రించే రాబ్ ప్రొటీన్లను క్రియాశీలం చేయడం డెన్ భాగం గల ప్రొటీన్లకు పరిపాటి. కాబట్టి సి9ఓఆర్ఎఫ్72 కూడా రవాణా వ్యవస్థకు చెందినదేనన్న ఊహ సహజంగా కలిగింది. ఊహను నిర్ధారించాలంటే కణంలో దాని చోటు తెలియాలి. అక్కడే చిక్కు వచ్చింది. అది కణంలో ఎక్కడ ఉంటుందన్న విషయంలో ప్రచురిత వ్యాసాలు ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు.

కెనడాలోని మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థలో పీటర్ మెక్‌ఫర్సన్ వద్ద పరిశోధన చేసిన కార్ల్ లఫ్లామ్ ఈ వైరుధ్యానికి కారణం ప్రొటీన్‌లో కాక, దానిని చూపించే సాధనంలో ఉండవచ్చునని సందేహించాడు. ఆయన బృందం చేసిన పరీక్షను భారతీయ తర్కశాస్త్ర పరిభాషలో వివరించడం తెలుగు పాఠకునికి సులభం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో వలె: ఇది అన్వయం. నిప్పు లేనిచోట పొగ ఉండదు, చెరువులో వలె: ఇది వ్యతిరేకం. ప్రొటీన్‌ను నిప్పుగా, ప్రతిరక్షకం ఇచ్చే సంకేతాన్ని పొగగా భావిస్తే, చాలామంది పరిశోధకులు అన్వయంతోనే తృప్తిపడ్డారని చెప్పాలి. సి9ఓఆర్ఎఫ్72 పూర్తిరూపంలో 481 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దాని భారం సుమారు 54 కిలోడాల్టన్‌లు. కణసారాన్ని పరిమాణం వారీగా వేరుచేసినప్పుడు ఆ స్థానంలో గీత కనిపిస్తే ప్రతిరక్షకం మంచిదేనని నమ్మడం పరిపాటి. కానీ అంతే పరిమాణం గల మరో ప్రొటీన్‌ను పట్టుకున్నా గీత అక్కడే పడుతుంది.

వ్యతిరేక పరీక్షకు చెరువు కావాలి, అంటే ఆ ప్రొటీన్ అసలే లేని కణం. ఈ ప్రొటీన్ సమృద్ధిగా ఉన్న మానవ కణాలను ఎంచుకొని, క్రిస్పర్ పద్ధతిలో వాటి జన్యువును పనిచేయకుండా చేసి, మాతృకణాలనూ మార్చిన కణాలనూ పక్కపక్కన పెట్టి, మార్కెట్లో లభించే 16 ప్రతిరక్షకాలను పరీక్షించారు. ప్రొటీన్ లేని కణంలోనూ సంకేతం వచ్చిందంటే అది పొగ కాదు, చెరువు మీది ఆవిరి. పదహారింటిలో రెండే బాగా పనిచేశాయి. అంతకుముందు వెలువడిన వ్యాసాలలో ఆ రెండింటినీ ఎవరూ వాడలేదు. ఈ ప్రొటీన్‌ను ఏమాత్రం గుర్తించలేని ప్రతిరక్షకాలపై ఆధారపడిన వ్యాసాలు 15 తేలాయి. ఇతర పరిశోధకులు వాటిని మొత్తం 3,000 కంటే ఎక్కువ సార్లు ఉదాహరించారు. ఈ పరిశోధన 2019లో ఈలైఫ్ పత్రికలో వెలువడింది.

నికరమైన ప్రతిరక్షకంతో చూసినప్పుడు సి9ఓఆర్ఎఫ్72 కణం మింగిన పదార్థాన్ని నిలిపే ఫాగోసోమ్‌లలోను, దానిని జీర్ణం చేసే లైసోసోమ్‌లలోను కనిపించింది. డెన్ భాగం కారణంగా కలిగిన త్వచ రవాణా ఊహకు ఇది అనుగుణంగానే ఉంది.

ఇక్కడ ఒక మెలిక గమనార్హం. ఒక ప్రయోగంలో నెగ్గిన ప్రతిరక్షకం మరొక ప్రయోగంలో నెగ్గుతుందన్న హామీ లేదు. గీతలుగా వేరుచేసే పద్ధతిలో ప్రొటీన్ మడతలు విప్పి ఉంటుంది. ద్రావణం నుంచి దానిని పట్టి లాగేటప్పుడు సహజమైన మడతలతో ఉంటుంది. సూక్ష్మదర్శిని కోసం కణాన్ని రసాయనంతో బిగించినప్పుడు దాని రూపం మరోలా ఉండవచ్చు. అందువల్ల వ్యతిరేక పరీక్షను ప్రతి ప్రయోగానికీ విడిగా చేయవలసిందే. జన్యువును తీసివేస్తే కణమే బతకని సందర్భాలలో, ఆ ప్రొటీన్ పరిమాణాన్ని తగ్గించి సంకేతం కూడా తగ్గుతుందేమో చూడడం ప్రత్యామ్నాయం. ఇది కొంత బలహీనమైన సాక్ష్యమే.

ఇదే పద్ధతిని విస్తరించి 65 ప్రొటీన్లకు సంబంధించిన 614 ప్రతిరక్షకాలను పరీక్షించిన ఫలితాలు 2023లో ప్రచురితమయ్యాయి. సగటున ఒక్కో ప్రొటీన్‌కు 12 వ్యాసాల చొప్పున, లక్ష్యాన్ని గుర్తించని ప్రతిరక్షకంపై ఆధారపడినవి కనిపించాయి. జన్యుసాంకేతికతతో తయారైనవి మిగిలినవాటి కంటే మెరుగైన ఫలితాలిచ్చాయి. పరీక్షలో పాల్గొన్న తయారీదారులు విఫలమైన కొన్ని ప్రతిరక్షకాలను అమ్మకం నుంచి తొలగించారు. మరికొన్నిటికి, ఏ ప్రయోగానికి వాడవచ్చునన్న సూచనను మార్చారు. ఆ సీసాలతో వెలువడిన పాత వ్యాసాలు గ్రంథాలయాలలో యథాతథంగా ఉన్నాయి. వాటిని ఆధారంగా తీసుకొనే పరిశోధకుడు ముగింపు వాక్యాల కంటే ముందు సాధనసామగ్రి విభాగాన్ని తెరిచి, ఏ ప్రతిరక్షకం వాడారో, ప్రొటీన్ లేని కణంతో పోల్చారో లేదో చూడవలసి ఉంటుంది.